మూడు రోజుల ఎండకట్టు

అది మా వీధికి రెండో వరద వచ్చిన ఏడాది. క్యాలెండరు లెక్క అడిగితే డెబ్భై ఏడో, డెబ్భై ఎనిమిదో అంటాను. వరద లెక్కలో మాత్రం నేను పొరపడను. మొదటి వరదనాడు మా అమ్మ ధనభాగ్యం బతికి ఉంది. రెండో వరదనాటికి ఆమె లేదు. ఆమె పేరు పెట్టుకున్న నా మనవరాలు ఉంది.

దీపావళి వెళ్లిన వారానికి పట్టుకున్న వాన ఆరు రోజులు వదల్లేదు. ముదలియార్‌పేటలో మా మిల్లు వెనక కాలువ గట్టు దాటి వీధుల్లోకి వచ్చేసింది. మా ఇంటికి మూడు మెట్లు. రెండు మునిగాయి. మూడో మెట్టు మీద కూర్చుని కాళ్లు కిందకి వదిలితే మోకాళ్ల దాకా నీళ్లు. మిల్లు లోపలికీ నీళ్లు పోయి పని ఆపేశారు. ఇరవై ఆరేళ్లుగా పొద్దున్నే కూసిన సైరను కూయడం మానేసింది. అది కూయకపోతే తెల్లవారిందని నాకు నమ్మకం కుదరదు. పగలంతా సగం నిద్రలో తిరుగుతున్నట్టే ఉండేది.

ఏడో రోజున వాన ఆగింది గానీ నీళ్లు కదల్లేదు. మబ్బు విడినప్పుడల్లా వీధిలో నీళ్ల మీద పడ్డ ఎండ ఎగిరి మా ఇంట్లో దూలాల మీద ఆడేది. పెంకుల కింద, గోడల మీద, ఉట్టి మీద, అంతటా వెలుతురు పాకుతూ ఉండేది. చూస్తూ కూర్చుంటే ఇల్లే తాడు విప్పిన పడవలాగా ఎక్కడికో పోతున్నట్టు తోచేది. మనవరాలు చాప మీద వెల్లకిలా పడుకుని ఆ వెలుతురును పట్టుకోబోయేది. దానికి ఏడాదిన్నర. నేను దాన్ని "అమ్మా" అని పిలుస్తాను. కన్నతల్లి పేరు నోటితో ఎలా అంటాను?

ఇంట్లో ఉన్నది ముగ్గురం. నేను, నా కూతురు కనకం, ఆ బిడ్డ. అల్లుడు అళగేశన్ లారీ తోలుతాడు. విల్లుపురం అవతల రోడ్డు తెగి అక్కడే చిక్కుకుపోయాడు.

ఎనిమిదో రోజు పొద్దున బిడ్డ వాంతి చేసుకుంది. కాసేపటికి ఇంకోసారి. తర్వాత విరేచనాలు పట్టుకున్నాయి.

"నాయనా, తొక్కమే ఇది" అంది కనకం. "నిన్న కొబ్బరి ముక్క నములుతా ఉండె. యాడో అతుక్కునుంటాది. తీసేయి నాయనా."

నేను తొక్కం తీసేవాణ్ణి. మా అమ్మ తీసేది, ఆమె తర్వాత నేను. తిన్నది జారకుండా లోపల ఎక్కడో అతుక్కుంటే దాన్ని తొక్కం అంటారు మా వైపు. బిడ్డ వాంతులు చేసుకుంటే ఇంకే పేరూ వెతకరు. రోజూ మిల్లుకు పోయే ముందు మా మెట్ల మీద ఇద్దరో ముగ్గురో తల్లులు బిడ్డల్ని వేసుకుని కూర్చునేవాళ్లు. బిడ్డను ఒళ్లో పడుకోబెట్టి, కడుపు మీద ఆముదం రాసి, మెల్లగా పైకి తోస్తాను. వేలెడంత ఇత్తడి గొట్టం గొంతు గుంటలో ఆనించి పీలుస్తాను. పీల్చి పళ్లెంలో ఉమ్ముతాను. అందులో కొబ్బరి పలుకో, వెంట్రుకో, వడ్లగింజ పొట్టో పడుతుంది. తల్లి "అయ్యో, ఇదా!" అని గుండెల మీద చెయ్యి వేసుకుంటుంది. నేను డబ్బు ముట్టను. రెండు తమలపాకులు చాలు.

ఆ తర్వాత మూడు రోజులు ఎండకట్టు. అంటే బిడ్డకు నీళ్లు ఇవ్వకూడదు. పాలూ ఇవ్వకూడదు. ముక్క ఊడిన చోటు పచ్చిగా ఉంటుంది, తడి తగిలితే మానదు. పెదవులు మరీ పగిలితే తడిబట్టతో అద్దాలి. మరమరాల పొడి నాలుక మీద వేయవచ్చు. మూడు రోజులు గడిస్తే నూటికి తొంభై మంది బిడ్డలు లేచి ఆడుకునేవాళ్లు.

పళ్లెంలో పడే ముక్క ఎక్కడిదో నాకు తెలుసు. బిడ్డను ఒళ్లోకి తీసుకునే ముందే నా దవడలో పెట్టుకునేవాణ్ణి. నాకు పదహారేళ్లప్పుడు గొట్టం చేతికిస్తూ మా అమ్మే చెప్పింది. "ముక్క తల్లి కోసంరా. తల్లికి భయం పోవాలి. ఎండకట్టు బిడ్డ కోసం. అసలు మందు అదే." నేను అలాగే నమ్మాను. ముక్క అబద్ధమని తెలిసినకొద్దీ ఎండకట్టు మీద నమ్మకం పెరిగిందనుకుంటాను. చేసే పనిలో ఏదో ఒకటి నిజం ఉండాలి కదా.

ఆ రోజు మనవరాలికీ తీశాను. వంటింట్లోకి పోయి కొబ్బరి చిప్పలోంచి గోటితో పలుకు గిల్లి దవడలో పెట్టుకున్నాను. పళ్లెంలో పడగానే కనకం దాన్ని వేళ్లతో తీసి చూసింది. కడిగి, చిన్న ఆకులో చుట్టి గూట్లో పెట్టుకుంది. "ఆయన వచ్చినాక చూపిస్తా" అంది.

మర్నాటికి విరేచనాలు తగ్గినట్టే అనిపించింది. బిడ్డ ఏడుపూ తగ్గింది. మధ్యాహ్నం మళ్లీ వెలుతురు దూలాల మీదికి వచ్చింది. ఈసారి అది చేతులు ఊపలేదు. నేను పక్కన కూర్చుని దాని ముఖం చూస్తున్నాను. బుగ్గలు లోపలికి పోయాయి. కళ్లు గుంటల్లోకి దిగాయి. నెత్తి మీద మెత్తటి చోటు కాస్త పల్లమైంది. పెదవులు సన్నగా ముడుచుకున్నాయి. ఆ వెలుతురు ముఖం మీద పాకుతుంటే నాకు ఒక్కసారిగా మా అమ్మ కనిపించింది. కడపటి రోజుల్లో మంచం మీద ఉన్న అమ్మ. అదే నుదురు, అదే పెదవి, ఏదో చెప్పబోయి ఊరుకున్నట్టు అదే చూపు.

భయం కలగలేదు. ఆ మాట దాచను. సంతోషమే కలిగింది. అమ్మ వచ్చింది, కొడుకు చేసిన పని చూడ్డానికి ఇంత నీళ్లలో నడిచి వచ్చింది అనుకున్నాను. ఇల్లు మెల్లగా ఊగుతూ ఉంది. "అమ్మా" అన్నాను. బిడ్డ కళ్లు నా వైపు తిప్పింది. నాలుక బయటపెట్టి పెదవి తడుపుకోబోయింది. నాలుక మీద తడి లేదు.

వాకిట్లో నీళ్ల చప్పుడయింది. పక్కింటి మేడ మీద అద్దెకున్న వెంకటరమణమ్మ చీర మోకాళ్ల పైకి దోపుకుని మెట్లెక్కుతోంది. యానాం నుంచి వచ్చి నాలుగు నెలలైంది. ఆమె నర్సు. భర్త ఏదో ఆఫీసులో గుమాస్తా.

"కనకం, అగ్గిపెట్టె ఉంటే ఇద్దూ. మావి మూడూ చెమ్మగిల్లి చచ్చేయి. మా ఆయన కాఫీ, కాఫీ అని నా ప్రాణం తీసేస్తున్నాడు" అంటూ లోపలికి వచ్చి, చాప దగ్గర ఆగిపోయింది. "పాపకేమయ్యిందే?"

"తొక్కం అక్కా. నాయన నిన్ననే తీసేసినాడు. ఎల్లుండి దాకా ఎండకట్టు, అంతే."

"ఏం కట్టు?"

కనకం చెప్పింది. ఆమె వింటూనే కింద కూర్చుని బిడ్డ పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలింది. అది వెంటనే సర్దుకోలేదు. ఉతికిన గుడ్డ మీది మడతలాగా కాసేపు అలాగే నిలబడింది.

"ఉచ్చ ఎప్పుడు పోసింది?"

"రాత్రి పోసింది. పొద్దున్నించీ లేదక్కా. మంచిదే గదా, లోపల ఆరతా ఉండాదని."

"ఏడిస్తే కన్నీళ్లొస్తున్నాయా?"

కనకం ఆలోచించింది. "ఏడ్చేదే లేదు గదక్కా ఇప్పుడు."

వెంకటరమణమ్మ బిడ్డ చెంప మీద చిటికె వేసింది. అది కళ్లు తెరిచి చూసి మళ్లీ మూసుకుంది. "పిలిస్తే చూస్తోంది, అదొక్కటీ నయం. లోపలేమీ అతుక్కోలేదే పిచ్చిపిల్లా. ఇది కంటికి కనబడని పురుగు. ఈ వరదనీళ్లలోంచో చేతుల్లోంచో నోట్లోకి పోతుంది. దానంతటదే నాలుగు రోజులకి పోతుంది. పోయేలోపల ఒంట్లో నీళ్లన్నీ తోడేస్తుంది. బిడ్డ చచ్చేది పురుగు వల్ల కాదు, ఎండిపోయి. లే, నీళ్లు కాచు."

కనకం కదల్లేదు. "నీళ్లు ఇచ్చేది లేదక్కా."

"ఏంటీ?"

"ముక్క ఊడిన తావు ఇంకా పచ్చిగా ఉంటాది. తడి తగిలితే పుండు పడతాది. నువ్వు చదువుకున్నావు, నేను కాదనను. నా కళ్లతో చూసినా నేను." లేచిపోయి గూట్లోంచి ఆకుపొట్లం తెచ్చి విప్పింది. "ఇదిగో. ఇంత ఉండె లోపల. నాయన తీయకపోతే ఏమయ్యుండేది?"

వెంకటరమణమ్మ ఆ పలుకు వంక చూసింది, నా వంక చూసింది. "రోడ్డుంటే ఈపాటికి పెద్దాసుపత్రిలో ఉండేదాన్ని దీన్నెత్తుకుని. కనకం నా మాట వినేలా లేదు బాబాయ్‌ గారూ. మీరు చెప్పండి."

నాకు మాటలు తక్కువ. మిల్లులో కదుళ్ల హోరులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. చేతులతో సైగలు చేసుకుంటాం. అలా అలవాటు పడి ఇంట్లోనూ అంతే. వెలుతురు బిడ్డ ముఖం మీద పాకుతూనే ఉంది. అమ్మ ఆ ముఖంలోంచి నన్ను చూస్తూనే ఉంది. వెళ్లిపోయేదాకా కూర్చుంటాను అన్నట్టుంది ఆ చూపు. ఎవరు వెళ్లిపోయేదాకా?

ఎందుకో మిల్లు గుర్తొచ్చింది. నూలు వడికే గదిలో వేసవిలో గాలి ఎండితే పోగులు పటపట తెగిపోతాయి. అందుకే పైనుంచి సన్నగా నీటి ఆవిరి వదులుతారు. అది ఆగితే నేల మీద బక్కెట్లతో నీళ్లు చల్లుతాం. ఇరవై ఆరేళ్లు నేను చల్లాను. పత్తి పోగుకు అంత తడి కావాలి. ఇంటికొచ్చి బిడ్డల్ని ఎండగట్టాను.

"కనకం" అన్నాను. "నీళ్లు కాచు."

"నాయనా! నువ్వే గదా…"

"ఆ పలుకు నా దవడలోది."

కనకానికి అర్థం కాలేదు. "ఏంది?"

"మన చిప్పలోదే. గోటితో గిల్లి దవడలో పెట్టుకున్నా. బిడ్డ లోపలి నుంచి రాలా. యా బిడ్డ లోపలి నుంచీ యానాడూ రాలా."

అంత పొడుగు మాట నేను ఆమెతో ఎప్పుడూ మాట్లాడి ఉండను. కనకం అరచేతిలో పలుకు అలాగే పట్టుకుని నిలబడింది.

"నేను పుట్టినప్పటి నుంచీనా?"

"మీ అవ్వ కాలం నుంచీ."

"మెట్ల మీద అంతమంది ముందర… నేనే గదా పళ్లెం పట్టుకోని నిలబడేది, చిన్నప్పుడు." పలుకు నా ముందుకు చాపింది. "చూడండి చూడండి అని అందరికీ చూపించేది నేనే గదా."

నేను తల వంచుకున్నాను. ఆమె వాకిట్లోకి పోయి అరచెయ్యి నీళ్లలోకి దులిపేసింది. వెనక్కి వచ్చి నా వైపు చూడకుండా స్టవ్ వెలిగించింది.

నీళ్లు మరిగి చల్లారేదాకా వెంకటరమణమ్మ బిడ్డ పాదాలు రుద్దుతూ కూర్చుంది. తర్వాత మా ఇంట్లో ఉన్న పెద్ద చెంబు తీసుకుంది, లీటరు పడుతుంది. ఆరు చెంచాలు చక్కెర, చెంచా అంచుకు సమంగా కొట్టి. ఉప్పు అరచెంచా, అంతకు మించి వద్దంది. కలిపి కనకానికి చెంచాతో అందించింది.

"నాలిక మీద వేసుకుని చూడు. కన్నీళ్లకంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలుపుదాం."

కనకం చప్పరించింది. అప్పటికే కన్నీళ్లు చెంపల మీదినుంచి నోట్లోకి కారుతున్నాయి. "నాకిప్పుడు రెండూ ఒకటేగా ఉండాయక్కా."

"అయితే సరిపోయింది" అంది ఆమె.

మొదటి నాలుగు చెంచాలు బిడ్డ ఆత్రంగా మింగింది. అయిదో చెంచాకు మొత్తం కక్కేసింది. కనకం "చూసినావా!" అని అరిచింది. ఆ అరుపు ఎవరిమీదో నాకు తెలియలేదు.

"కక్కనీ. కొంత లోపలే ఉండిపోతుంది. పది నిమిషాలాగి మళ్లీ పట్టు. ఈసారి ఇంకా నెమ్మదిగా, నిమిషానికో చెంచా. దీపాలు పెట్టే వేళకి ఉచ్చ పోయాలి. పొయ్యకపోతే గుండెల్లోతు నీళ్లున్నా నెత్తిమీద పెట్టుకుని ఆసుపత్రికి పోదాం. మా ఆయన పొడుగే, పనికొస్తాడు."

నేను చెయ్యి చాపాను. కనకం కాసేపు ఆగి చెంచా నాకిచ్చింది. బిడ్డ తల నా మోచేతిలో పెట్టుకున్నాను. ఎంతమంది బిడ్డల్ని అలా పెట్టుకున్నానో. ఒక చెంచా. గోడ మీద వెలుతురు ఆ మూల నుంచి ఈ మూలకు జరిగేదాకా ఆగడం. ఇంకో చెంచా. ఎక్కడో ఎవరిదో ఇత్తడి బిందె నీళ్లలో తేలిపోతూ గోడలకు తగులుతోంది. గుడిగంటలాగా కాదు, దూరంగా ఎవరో గిన్నెలు తోముతున్నట్టు. ఇంకో చెంచా. ఇల్లు ఊగుతూనే ఉంది. నేను ఆ పడవలో ఒక్కణ్ణే మేలుకుని ఉన్నట్టు తోచింది.

"నర్సమ్మా" అన్నాను చాలాసేపటికి. "మరి ఇన్నాళ్లూ బాగయిన బిడ్డలు?"

"వాళ్లంతట వాళ్లే బాగయ్యారండి. చాలామందికి మూడు నాలుగు రోజుల్లో పోయే జబ్బే ఇది. మీరు గొట్టం పెట్టినా పెట్టకపోయినా పోయేదే. కొందరు గట్టిపిండాలు, ఎండగట్టినా తట్టుకున్నారు. దొంగచాటుగా నీళ్లు పట్టిన తల్లులూ ఉండే ఉంటారు."

తట్టుకోని వాళ్ల సంగతి ఆమె చెప్పలేదు. నేను అడగలేదు. నూటికి తొంభై మంది బిడ్డల్ని మళ్లీ వీధిలో చూసేవాణ్ణి. మిగతా పదిమంది తల్లులు మా మెట్ల దగ్గరికి మళ్లీ రాలేదు. బాగయిపోయింది కాబట్టి రాలేదనుకునేవాణ్ణి. చెంచా నా చేతిలో ఆగిపోతే కనకం నా మణికట్టు కింద చెయ్యి పెట్టింది. మేమిద్దరం కలిసి తర్వాతి చెంచా పోశాం.

పొద్దు వాలుతుండగా నా ఒళ్లో వెచ్చగా తగిలింది. మొదట అర్థం కాలేదు. పంచె తడిసి తొడ మీదినుంచి నేల మీదికి కారింది.

"పోసింది!" అన్నాను. పెద్దగానే అన్నట్టున్నాను. పక్కింటి మేడ మీదినుంచి నర్సమ్మ మొగుడు "ఏంటీ, ఏం పోసింది?" అని కేక వేశాడు.

"మీ కాఫీ కాదు లెండి!" అని అరిచి వెంకటరమణమ్మ పగలబడి నవ్వింది. కనకం కూడా నవ్వింది. నవ్వి, నా ముఖం కనబడగానే ఆపేసింది. ఆ రాత్రి మేము వంతులు వేసుకుని చెంచా పట్టాం. కావలసిన మాటలే తప్ప ఆమె నాతో మాట్లాడలేదు. తెల్లవారుజామున బిడ్డ గట్టిగా ఏడ్చింది, కన్నీళ్లతో. ముఖం చూస్తే మనవరాలే ఉంది. అమ్మ వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున కనకం బిడ్డకు పల్చటి గంజి పడుతుంటే మెట్ల దగ్గర పిలుపు వినిపించింది. వైతికుప్పం జాలరిపేట నుంచి పాప్పాత్తి. మా వీధికి చేపలు తెచ్చి అమ్ముతుంది. ఆ రోజు నెత్తిన తట్ట లేదు, భుజాన మనవడున్నాడు. రెండేళ్లవాడు, తల వాలేసి ఉన్నాడు.

"అన్నా, రాత్రి నుంచి కక్కతా ఉండాడు. ఇంత దూరం నీళ్లలో వచ్చినా. తొక్కం తీయన్నా" అంది.

"తీసేదానికి ఏమీ లేదమ్మా" అన్నాను. "నీళ్లు పట్టాలి. ఉప్పు, చక్కెర వేసి…"

"నీళ్లా? నువ్వే గదా నీళ్లు ఇయ్యొద్దనేది? నా ముగ్గురు బిడ్డలకీ నువ్వే గదా తీసింది?"

"అది తప్పు."

ఆమె లోపలికి తొంగి చూసింది. గంజి తాగుతున్న బిడ్డనూ, చాప పక్కనే ఉన్న ఇత్తడి గొట్టాన్నీ చూసింది. ముఖం మారిపోయింది. "ఓహో. మీ ఇంటి బిడ్డకయితే తీస్తావు. కుప్పం బిడ్డంటే ఒళ్లో వేసుకునేదానికి వాసన కొడతాదా నీకు? రెడ్డియార్‌పాళయంలో తొక్కం తీసే ఆయన ఇంకొకడు ఉండాడులే. నీ కాళ్లు పట్టుకోవాల్నా నేను?" అని వెనుదిరిగి నీళ్లలోకి దిగింది.

నేను నిలబడి ఉన్నాను. కనకం లోపలినుంచి వచ్చి, అడక్కుండానే ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ల చెంబు, చెంచా నా చేతుల్లో పెట్టింది. "పో నాయనా" అంది.

నేను దిగాను. నీళ్లు ముందురోజుకంటే తగ్గాయి, పిక్కల దాకా ఉన్నాయి. పాప్పాత్తి పెద్ద పెద్ద అంగలు వేస్తూ పోతోంది. పిలిస్తే వెనక్కి తిరగలేదు. తిట్టుకుంటూనే పోతోంది. వీధిలో ఆకాశం అంతా కిందనే ఉంది. ఆమె దాన్ని పగలగొట్టుకుంటూ ముందు పోతుంటే, అది మళ్లీ అతుక్కునేలోపల నేను వెనక పోతున్నాను. పిల్లవాడు ఆమె భుజం మీద గడ్డం ఆనించి నా వైపే చూస్తున్నాడు.

అడుగు పొడుగు చేసి దగ్గరికి పోయాను. చెంబులో చెంచా ముంచి వాడి నోటి దగ్గర పెట్టాను. పెదవులు తెరిచాడు. రెండోది సగం ఆమె వీపు మీద ఒలికింది. మూడోది పూర్తిగా లోపలికి పోయింది. ఆమె తిట్లు ఆపలేదు గానీ నడక కాస్త నెమ్మదించింది. నిమిషానికి ఒకటి చొప్పున, మనసులో అరవై లెక్కపెట్టుకుంటూ, రెడ్డియార్‌పాళయం దాకా ఆమె వెనకే నడిచాను.